ఏం కొట్టాలి అని అడిగే ముందు: పెరటి మొక్కల తెగుళ్ళు గుర్తుపట్టేదెలా?

"మిరప మొక్క ముడుచుకుపోతోందండీ, ఏం కొట్టమంటారు?" అమలాపురమైనా, పాలకొల్లయినా, తణుకైనా పురుగుమందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే ఈ ప్రశ్న చెవిన పడుతుంది. షాపాయన ఒక పొట్లం, రెండు చిన్న సీసాలు తీసి కవర్లో పెడతాడు. ఒకటి పురుగుకి, ఒకటి తెగులుకి, ఇంకొకటి మొక్క ఏపుగా రావడానికి. మూడూ ఒకే బకెట్లో కలిపి కొట్టేస్తాం. మొక్క తేరుకుంటే మందు మంచిదంటాం, తేరుకోకపోతే కల్తీదంటాం. మొక్కకి అసలు ఏమొచ్చిందో మాత్రం తెలియకుండానే పోతుంది.

మిరపాకు ముడవడానికి ముఖ్యమైన కారణాలే మూడున్నాయి. ఒకదానికి గంధకం పనిచేస్తుంది. ఇంకోదానికి గంధకంతో పెద్దగా ఉపయోగం ఉండదు, వేపనూనె వాడాలి. మూడోది వస్తే ఏ మందూ లేదు, మొక్క పీకెయ్యడం ఒక్కటే దారి. చేలో మందు తప్పితే డబ్బు పోతుంది. పెరట్లో అంతటితో పోదు. ఇవాళ మందు కొట్టిన బెండకాయ రెండ్రోజుల్లో మన వంటింట్లోకే వస్తుంది. అందుకే పెరటి మొక్కల విషయంలో చూడ్డానికే ఎక్కువ సమయం పెట్టాలని నా గట్టి నమ్మకం. అలా చూస్తే గోదావరి డెల్టాలో చాలా జబ్బులకు మూలం నీళ్ళ దగ్గరే దొరుకుతుంది, మందుతో పనిలేకుండానే సర్దుకునేవి కూడా చాలానే కనిపిస్తాయి.

తడి నేల, ఆరని ఆకు

తెగులు రావాలంటే మూడు ఒకేసారి కుదరాలి. తట్టుకోలేని మొక్క, రోగం తెచ్చే సూక్ష్మజీవి, దానికి అనువైన వాతావరణం. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా తెగులు నిలవదు. సూక్ష్మజీవిని పూర్తిగా లేకుండా చేయడం ఎవరివల్లా కాదు. మట్టిలో, గాలిలో, కాలువ నీటిలో అది ఉంటూనే ఉంటుంది. మన చేతిలో ఉన్నవి మిగతా రెండే.

మన దగ్గర వాతావరణం తెగుళ్ళకి బాగా కలిసొస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ నేలకి కాలువ నీళ్ళు అందుతూనే ఉన్నాయి. చుట్టూ వరిచేలల్లో నీళ్ళు నిలబడి ఉంటే పక్కనున్న పెరట్లో కొంచెం తవ్వగానే చెమ్మ తగులుతుంది. లంకల్లో ఒండ్రు, సముద్రం వైపు ఇసుక ఉన్నా, మధ్య డెల్టాలో చాలాచోట్ల నీరు త్వరగా ఇంకని బంకమట్టి. పైన కొబ్బరి నీడ. జూన్ నుంచి వానలు, అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, ఆ వెంటనే సంక్రాంతి దాటేదాకా మంచు.

శిలీంధ్రం బీజం ఆకు మీద పడినంత మాత్రాన తెగులు రాదు. చాలా శిలీంధ్రాల బీజాలు మొలకెత్తి ఆకులోకి దిగాలంటే ఆకు మీద తడి కొన్ని గంటలపాటు ఆరకుండా ఉండాలి. సాయంత్రం చల్లబడ్డాక పైపు పట్టి ఆకులన్నీ తడిసేలా నీళ్ళు పోయడం చాలా ఇళ్ళలో అలవాటు. ఆ తడి తెల్లవారేదాకా ఆరదు. అదే నీళ్ళు పొద్దున్నే, మొక్క మొదట్లో పోస్తే బీజానికి ఆ అవకాశం దొరకదు. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మార్పుతో ఆకుమచ్చ తెగుళ్ళు బాగా తగ్గుతాయి.

పాదుల సంగతి కూడా చెప్పాలి. మొక్క చుట్టూ పాదు చేయడం వేసవిలో మంచిదే. వానలు మొదలయ్యాక అదే పాదు చిన్న గుంటగా మారి వేళ్ళకి గాలి ఆడకుండా చేస్తుంది. మృగశిర కార్తె వచ్చేసరికి పాదులు పూడ్చేసి, మట్టి మొదటికి ఎగదోసి, వంగ, టమాటా, మిరపలను బోదెల మీదకు మార్చుకోవాలి. బొప్పాయికి ఇది మరీ అవసరం. చెట్టు మొదలు దగ్గర రెండు రోజులు నీళ్ళు నిలిస్తే చాలు, కాండం మొదలు మెత్తబడి చెట్టు ఒరిగిపోతుంది.

అసలు తెగులేనా?

మొక్క బాగాలేదనిపించగానే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. సూక్ష్మజీవి వల్ల వచ్చే తెగులు సాధారణంగా ఒక మొక్కలో మొదలై, పక్కదానికి పాకి, రోజురోజుకీ పెరుగుతుంది. ఎక్కువగా ఒకే జాతినో, ఒకే కుటుంబాన్నో పట్టుకుంటుంది. టమాటా, వంగ, బెండ, మందారం అన్నీ ఒకే రోజున ఒకేలా అయిపోయాయంటే అది తెగులు కాకపోవచ్చు.

చేల పక్కన ఇళ్ళున్నవాళ్ళు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. వరిలో, గట్ల మీద కలుపు చావడానికి కొట్టే 2,4-డి లాంటి మందు గాలికి కొట్టుకొచ్చి పెరట్లో పడుతుంది. టమాటా ఆకులు సన్నగా, తాడులా మెలితిరిగి అచ్చం వైరస్ తెగులులా కనిపిస్తాయి. చేను వైపున్న మొక్కలకే ఎక్కువగా వచ్చిందా, అన్ని రకాలకీ ఒకేసారి వచ్చిందా అని చూడాలి. వారం పది రోజుల తర్వాత వచ్చే కొత్త చిగురు మామూలుగా ఉంటే అది కలుపుమందు దెబ్బే. వైరస్ అయితే కొత్త చిగురు ఇంకా అధ్వాన్నంగా వస్తుంది. అలాగే కలుపుమందు కొట్టిన స్ప్రేయర్ని ఎంత కడిగినా సరే, పెరటి మొక్కలకు వాడొద్దు.

ఆకులు పసుపెక్కితే ఏ ఆకులో చూడండి. కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలడం లేదన్నమాట. ముదురాకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే మెగ్నీషియం లోపం. లేత చిగురాకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా గీసినట్టు ఉంటే ఇనుము అందడం లేదు, చౌడు నేలల్లో ఇది మామూలే. అయితే మురుగు నిలిచిన చోట వేళ్ళు పనిచేయక నత్రజని లోపంలాగే కనిపిస్తుంది. అక్కడ యూరియా వేస్తే మొక్కకు మేలు జరగదు. ముందు నీళ్ళు బయటికి పోయే దారి చేయాలి.

వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్ళ మీద ఆధారపడే సముద్రతీర గ్రామాల్లో ఆకు అంచులు చుట్టూ మాడిపోతాయి. అది ఉప్పు. దానికి తెగుళ్ళ మందు కొట్టి లాభం లేదు. టమాటా కాయ అడుగున నల్లగా, తోలులా పల్లం పడటం కూడా తెగులు కాదు. నీళ్ళు ఒకరోజు ముంచేసి నాలుగురోజులు మానేస్తే కాయకి కాల్షియం సరిగా అందక అలా అవుతుంది. నీళ్ళు సమంగా ఇస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

వాడిపోయిన మొక్క ఏం చెబుతుంది

పచ్చగా ఉన్న మొక్క వాడిపోతే ఎవరికైనా మొదట తోచేది నీళ్ళు పోయడమే. మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాడిందంటే ఇంకో చెంబు పోయకుండా ఆగి, వేళ్ళ వైపు చూడాలి. పైకి ఒకేలా కనిపించే ఈ వాడిపోవడం వెనకాల నాలుగైదు వేర్వేరు జబ్బులుంటాయి.

మొదట కాండం మట్టిని తాకేచోట గోరుతో మట్టి తీసి చూడండి. అక్కడ తెల్లటి దూదిలాంటి బూజు, అందులో ఆవగింజల్లాంటి గోధుమరంగు గింజలు కనిపిస్తే అది మొదలుకుళ్ళు. కందకి వానాకాలంలో ఇది బాగా వస్తుంది. వంగ, టమాటా, వేరుశనగలనీ వదలదు. ఆ గింజలే ఆ శిలీంధ్రం మళ్ళీ ఏడాదికి దాచుకున్న విత్తనం కాబట్టి మొక్కతోపాటు చుట్టూ ఉన్న మట్టిని కూడా పారతో ఎత్తి తీసెయ్యాలి.

అక్కడేమీ లేకపోతే మొక్కని నెమ్మదిగా పీకి వేళ్ళు చూడండి. వేళ్ళు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే పైపొర ఊడొచ్చి, వాసన వస్తుంటే నీళ్ళు నిలిచి కుళ్ళాయి. వేళ్ళ మీద పూసల్లా బుడిపెలుంటే అవి కంటికి కనిపించని నులిపురుగులు చేసినవి. ఇసుక నేలల్లో బెండ, వంగ, టమాటాలకి ఇది మామూలు. ఆ మడిలో ఒక పంట బంతి వేస్తే వీటి సంఖ్య బాగా తగ్గుతుంది.

వేళ్ళు కూడా బాగుంటే కాండాన్ని మొదటి దగ్గర కోసి, ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టుకోండి. కోసిన ముక్కని వేలెడంత తీసుకుని, దాని కొస మాత్రం నీళ్ళలో మునిగేలా పట్టుకుని, కదపకుండా వెలుతురుకి ఎదురుగా చూడండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి ధార సన్నగా కిందికి దిగితే అది బ్యాక్టీరియా వాడు తెగులు. ఆ ధారలో ఉన్నవి లక్షల కొద్దీ బ్యాక్టీరియా. ఈ తెగులొచ్చిన టమాటా, వంగ మొక్కలు ఆకు పసుపెక్కకుండానే, పచ్చగా ఉండగానే తల వాల్చేస్తాయి. ధార రాకుండా, కింది ఆకులు ముందు పసుపెక్కి, కాండం నిలువునా చీల్చితే లోపల గోధుమరంగు చారలు కనిపిస్తే ఎక్కువగా అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం పని.

ఇంత తేల్చుకోవడం దేనికంటే, బ్యాక్టీరియా వాడుకి శిలీంధ్రాల మందు పనిచేయదు. మొక్క తీసేయాలి, ఆ మడిలో కొన్నేళ్ళు టమాటా, వంగ, మిరప వేయకూడదు. ఈ మూడూ ఒకే కుటుంబం కాబట్టి ఒకదాని రోగం ఇంకోదానికి అంటుకుంటుంది. అక్కడ తోటకూర, చిక్కుడు, మొక్కజొన్న వేసుకోవచ్చు. టమాటాయే కావాలనుకుంటే బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ లాంటి తట్టుకునే రకమైనా, అడవి వంగ మీద అంటుకట్టిన నారైనా తెచ్చుకోవాలి.

ఆకు మీద రాసి ఉన్నది

ఆకుమచ్చల దగ్గర ఒక చిన్న తేడా చాలా ఉపయోగపడుతుంది. బీర, దోస, పొట్ల పాదుల ఆకుల పైభాగాన పిండి చల్లినట్టు తెల్లగా ఉండి, వేలితో రుద్దితే పోతుంటే అది బూడిద తెగులు. ఆకు పైన ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలొచ్చి, పొద్దున్నే మంచు ఆరకముందు ఆకు తిరగేస్తే కింద బూడిదరంగు, ఊదారంగు నూగు కనిపిస్తే అది బూజు తెగులు. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేరు. బూజు తెగులుకి ఆకు మీద నీళ్ళు కావాలి. బూడిద తెగులుకి అక్కర్లేదు, గాలిలో తేమ ఉంటే చాలు, అందుకే వానల్లేని శీతాకాలంలో కూడా విజృంభిస్తుంది.

బూడిద తెగులుకి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు సరిపోతుంది. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు కొడితే దోస జాతి ఆకులు మాడతాయి, కాబట్టి సాయంత్రం కొట్టాలి, నడివేసవిలో మానేయాలి. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకూడదు, రెండూ కలిస్తే ఆకు కాలుతుంది. తెగులు ఇప్పుడిప్పుడే మొదలైతే ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి వారానికోసారి ఎండపొద్దున కొట్టినా అదుపులో ఉంటుంది. బూజు తెగులుకి వీటితో పని జరగదు, దానికి రాగి మందు (చివర్లో చెప్పే బోర్డో మిశ్రమం లాంటిది) కావాలి.

టమాటా కింది ఆకుల మీద ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు గీసినట్టు గోధుమరంగు మచ్చలొస్తే అది ఆకుమాడు తెగులు. నేల మీది చినుకు చిమ్మి ఆకు మీద పడటంతో మొదలవుతుంది. మొక్క మొదట్లో ఎండుగడ్డి పరిచి, నేలకి తగిలే ఆకులు తుంచేస్తే సగం పని అయినట్టే. నిమ్మాకు మీద, కాయ మీద గరుకుగా పొక్కుల్లా లేచి చుట్టూ పసుపు వలయం ఉంటే అది బ్యాక్టీరియా తెచ్చే గజ్జి తెగులు. పాడైన కొమ్మలు వానలకు ముందే కత్తిరించి రాగి మందు కొట్టాలి.

ముడుచుకున్న మిరపాకు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే తామర పురుగులు రసం పీలుస్తున్నాయి. ఆకు అంచులు కిందికి వంగి తిరగేసిన పడవలా అయి, ఆకు సన్నబడి, తొడిమ పొడుగ్గా సాగితే అది నల్లి. ఆకులు చిన్నవై, దళసరెక్కి, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారిపోతే తెల్లదోమ తెచ్చిన వైరస్.

అనుమానం తీరడానికి తెల్లకాగితం ఒకటి చిగురు కింద పట్టుకుని, చిగురుని వేలితో గట్టిగా రెండు తట్లు తట్టండి. కాగితం మీద సన్నటి గీతల్లాంటివి పరుగెడితే తామర పురుగులు. 2021లో మిరప చేలను దెబ్బతీసిన నల్ల తామర పురుగైతే పూలలో గుంపుగా కనిపిస్తుంది. నల్లి మాత్రం మామూలు కంటికి ఆనదు, భూతద్దం కావాలి. అది పురుగు కూడా కాదు, సాలీడు జాతిది. అందుకే చాలా పురుగుమందులు దాని మీద పనిచేయవు, పైగా దాన్ని తినే మేలుచేసే పురుగుల్ని చంపి నల్లి పెరగడానికి దారి ఇస్తాయి. నల్లికి గంధకం, తామర పురుగుకి లీటరుకి 5 మి.లీ. వేపనూనె, అందులో కాస్త సబ్బు నీళ్ళు. ఆకు అడుగు భాగం తడవకపోతే రెండూ వృథాయే.

వైరస్ సంగతి వేరు. బెండాకు ఈనెలన్నీ పసుపు వలలా మారే పల్లాకు తెగులు, టమాటా ఆకుముడత, బొప్పాయి కాయ మీద ఉంగరాల్లా మచ్చలొచ్చే తెగులు, ఇవన్నీ వైరస్‌లే. ఒకసారి మొక్కలోకి వెళ్ళాక దాన్ని తగ్గించే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. షాపులో ఎవరైనా ఉందని ఇస్తే తీసుకోవద్దు. రెండు కాయలైనా వస్తాయని ఆశపడి ఉంచిన ఆ మొక్క నుంచే తెల్లదోమ మిగతావాటికి మోస్తుంది. కనిపించిన రోజే పీకెయ్యాలి. బొప్పాయి వైరస్‌ని మోసే పేనుబంక అయితే ఆకు మీద వాలి ఒక్కసారి రుచి చూసేలోపే అంటించేస్తుంది. మందు తగిలి అది చచ్చేలోపు జరగాల్సింది జరిగిపోతుంది.

నారుదశలో కాపాడుకోవడమే దీనికి అసలు విరుగుడు. నారుమడి మీద 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలుండే) నైలాన్ వల కట్టాలి. మామూలు దోమతెర చాలదు, దాని కన్నాల్లోంచి తెల్లదోమ దూరిపోతుంది. నాటాక చుట్టూ రెండు వరసలు మొక్కజొన్న వేస్తే ఎగిరొచ్చే దోమకి అడ్డుపడుతుంది. వంగలో ఆకులు చిట్టిగా గుబురుగా వచ్చి కాపు ఆగిపోయే వెర్రి తెగులు వైరస్ కాకపోయినా, దీపపు పురుగు మోసుకొచ్చేదే. దానికీ పీకెయ్యడమే.

కొబ్బరి, అరటి

ఈ రెండూ లేని పెరడు కోనసీమలో దొరకదు. కొబ్బరి కింద ఉన్న జామాకు, అరటాకు, తులసికోట, చివరికి గేటు మీద కూడా మసి పూసినట్టు నల్లగా అయిపోవడం చాలామంది చూసే ఉంటారు. 2016లో తమిళనాడు, కేరళల్లో మొదట గుర్తించిన సర్పిలాకార తెల్లదోమ తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరినీ చుట్టేసింది. మట్ట తిరగేస్తే ఆకుల అడుగున తెల్లటి మైనంతో సుడులు సుడులుగా గుడ్లు పెట్టి ఉంటుంది. అది విసర్జించే తేనెలాంటి జిగురు కింద పడి, దాని మీద మసి బూజు పెరుగుతుంది. ఆ బూజు ఆకులోపలికి దిగదు, పైన పరుచుకుని ఎండ తగలనివ్వదంతే. కాబట్టి నలుపు చూసి తెగుళ్ళ మందు కొట్టడం దండగ.

ఇక్కడ ఘాటైన పురుగుమందు కొడితే ఇంకా నష్టం. ఎన్‌కార్సియా అనే కంటికి ఆనీ ఆనని చిన్న కందిరీగ ఈ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. ఆకు అడుగున తెల్లటి పిల్లల మధ్య నల్లగా మారినవి కనిపిస్తే ఆ కందిరీగ పని మొదలైందని అర్థం. మందు కొట్టకుండా దాన్ని పనిచేసుకోనివ్వాలి. చిన్న చెట్లయితే నీళ్ళు వేగంగా ఆకు అడుగున కొట్టి, తర్వాత వేపనూనె, సబ్బు నీళ్ళు కొట్టొచ్చు. మసి పట్టిన ఆకుల మీద పల్చటి గంజి చల్లితే ఎండకి పెచ్చులుగా లేచిపోతుంది. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనా కేంద్రం ఈ దోమను చంపే ఐసేరియా అనే మేలుచేసే శిలీంధ్రం మీద పనిచేసింది. కావాలంటే అక్కడ అడగొచ్చు. కడియం నర్సరీల నుంచి కొబ్బరి, అరటి, పూలమొక్కలు తెచ్చేటప్పుడు ఆకు తిరగేసి చూసి తెచ్చుకోవాలి.

కొబ్బరికి ప్రాణాంతకమైనవి రెండు తెగుళ్ళు. వానాకాలంలో నడిమి మొవ్వాకు పాలిపోయి, లాగితే ఊడొచ్చి, కుళ్ళు వాసన వస్తే అది మొవ్వుకుళ్ళు. దింపుకి వచ్చిన మనిషిని ప్రతిసారీ మొవ్వు చూసి చెప్పమనాలి. మొదట్లోనే పట్టుకుంటే కుళ్ళిన భాగం చెక్కేసి బోర్డో పేస్టు రాసి, వాన నీళ్ళు దిగకుండా కప్పితే చెట్టు బతుకుతుంది. రెండోది గానోడెర్మా, ఎర్రలక్క తెగులని కూడా అంటారు. కాండం మొదట్లో ఎర్రటి ముదురు జిగురు కారి, కింది మట్టలు గొడుగు మూసినట్టు వాలిపోతాయి, చివరి దశలో చెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు వస్తాయి. ఇది వేళ్ళ ద్వారా, ఒక పాదులోంచి ఇంకో పాదులోకి పారే నీళ్ళ ద్వారా పాకుతుంది. తెగులు చెట్టు చుట్టూ కందకం తీసి వేరు చేయాలి. మిగతా చెట్లకు ఏటా 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా (మట్టి తెగుళ్ళను అణిచే మేలుచేసే శిలీంధ్రం) కలిపి పాదుకి వేయాలి.

అరటిలో సన్నటి పసుపు గీతలతో మొదలై కదురు ఆకారంలో మచ్చలయ్యే సిగటోకాకి పాడైన ఆకు కోసెయ్యడం, పిలకలు తగ్గించి గాలి ఆడనివ్వడం ముఖ్యం. అమృతపాణి అరటికి తేలిగ్గా సోకే పనామా తెగులులో కింది ఆకులు పసుపెక్కి బోదె చుట్టూ వేలాడతాయి, కోస్తే లోపల ఎర్రటి చారలుంటాయి. దాని శిలీంధ్రం మట్టిలో దశాబ్దాలు ఉంటుంది. ఆకులన్నీ పైన గుత్తిలా నిక్కబొడుచుకుని, తొడిమ మీద ముదురాకుపచ్చ చుక్కలు, గీతలు కనిపిస్తే వైరస్, మొత్తం దుబ్బు తీసెయ్యాలి. ఇలాంటి దుబ్బు నుంచి చుట్టాలకి పిలక ఇవ్వొద్దు. పిలక ఇచ్చిపుచ్చుకోవడం మనకి ఎంతో ఇష్టమైన అలవాటే, కానీ అరటి వైరస్ దూరప్రయాణాలు చేసేది ఎక్కువగా ఆ పిలకలతోనే.

ఇంట్లో ఉంచుకోదగిన మందులు

పెరటికి నేను ముందు చెప్పేది బోర్డో మిశ్రమం. 1880ల్లో ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారిపక్క ద్రాక్షను జనం కోసుకుపోకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. చల్లిన తీగలకు బూజు తెగులు రాలేదని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించి 1885లో ప్రకటించాడు. ఇంట్లో లీటరు చేసుకోవాలంటే ప్లాస్టిక్ డబ్బాలో అరలీటరు నీళ్ళలో 10 గ్రాముల మైలుతుత్తం కరిగించాలి. ఇంకో దాంట్లో అరలీటరు నీళ్ళలో 10 గ్రాముల సున్నం కలపాలి. మైలుతుత్తం నీళ్ళని సున్నం నీళ్ళలోకి కలుపుతూ పోయాలి, ఇనుప పాత్ర వాడకూడదు. తర్వాత ఒక ఇనుప చాకు ముంచి తీయండి. చాకు మీద ఎర్రగా రాగి పూత పడితే సున్నం చాల్లేదు, ఇంకొంచెం కలపాలి. లేకపోతే ఆకు మాడుతుంది. వడకట్టి అదేరోజు వాడేయాలి. ఇది వచ్చిన మచ్చని పోగొట్టదు, కొత్త బీజాన్ని మొలకెత్తనివ్వదు. అందుకే వానలకు ముందు, తెరిపిచ్చినప్పుడు కొట్టాలి.

మట్టి తెగుళ్ళకు ట్రైకోడెర్మా. బాగా చివికిన గెత్తం 10 కిలోలు, వేపపిండి కిలో, ట్రైకోడెర్మా పొడి 100 గ్రాములు కలిపి, తడి చేసి, నీడలో గోనెపట్టా కప్పి రెండు వారాలు ఉంచితే శిలీంధ్రం బాగా పెరుగుతుంది. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి, అది బతికున్న జీవి. రాగి మందు పోసిన మట్టిలో వెంటనే వేస్తే చచ్చిపోతుంది. తెగులు పట్టి పట్టి విసిగించే మడి ఉంటే మే నెలలో తడిపి, పారదర్శకమైన పల్చటి ప్లాస్టిక్ షీటు నాలుగైదు వారాలు బిగించి కప్పండి. మన వేసవి ఎండకి మట్టి పైపొరలోని శిలీంధ్రాలు, నులిపురుగులు చాలావరకు చస్తాయి.

పీకిన మొక్కల్ని గెత్తం గుంటలో వేయొద్దు, కాలువలో అసలే పారేయొద్దు. కాలువలో వేసింది దిగువన ఇంకొకరి పెరట్లో తేలుతుంది. లోతుగా పాతెయ్యండి. తెగులు మొక్క కోసిన కత్తిని మంటలో కాల్చో, బ్లీచింగ్ నీళ్ళలో ముంచో ఇంకో మొక్క ముట్టుకోవాలి.

పురుగుమందే కొనాల్సి వస్తే డబ్బా మీద డైమండ్ ఆకారపు గుర్తులో ఉన్న త్రికోణం రంగు చూడండి. ఎరుపు అతి ప్రమాదకరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు పెరట్లోకి రానివ్వకూడదు. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధం వచ్చింది. అయినా చేనుకి తెచ్చిన సీసాలో మిగిలిందని వంగ మొక్కకి కొట్టేవాళ్ళున్నారు, అది పిల్లలు తినే కూర. లేబుల్ మీద కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, అన్ని రోజులూ కాయ కోయకూడదు. రోజువిడిచి రోజు కోసే బెండకీ, తోటకూరకీ అది కుదరదు కాబట్టి వాటికి అలాంటి మందే వద్దు.

తెలిసినవాళ్ళని అడిగేటప్పుడు

ఇంతా చూశాక కూడా తేలకపోతే అడగడానికి మనకి మంచి చోట్లే ఉన్నాయి. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకులుంటారు. కొబ్బరికి అంబాజీపేట, అరటికీ కందకీ కొవ్వూరు పరిశోధనా కేంద్రాలున్నాయి. గజేంద్ర కంద ఇచ్చింది ఆ కొవ్వూరే. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పూర్తిగా ఎండిన ఆకు ఒకటి పట్టుకెళితే ఎవరూ ఏమీ చెప్పలేరు, ఎందుకంటే అందులో చచ్చాక చేరిన బూజులే ఉంటాయి. తెగులు ఇప్పుడే మొదలైన ఆకు, పచ్చభాగం, మచ్చభాగం రెండూ ఉన్నది తీసుకెళ్ళాలి. వీలైతే వేళ్ళతో సహా మొక్క. ప్లాస్టిక్ కవర్లో పెడితే దారిలోనే కుళ్ళుతుంది, పేపర్లో చుట్టాలి. ఫోన్లో ఫొటోలు తీస్తే మొక్క మొత్తం ఒకటి, ఆకు పైన ఒకటి, కింద ఒకటి, మొదలు ఒకటి తీయండి. ఎప్పుడు మొదలైంది, ఎన్ని మొక్కలకు వచ్చింది, నీళ్ళు ఎప్పుడెప్పుడు పోస్తున్నారు, ఈ నెలలో ఏమేం కొట్టారు అన్నవి ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి. కొట్టిన మందు పేరు గుర్తులేకపోతే ఆ సీసానే తీసుకెళ్ళండి.